ఫ్లైట్‌ప్లాన్: గంటసేపు ఊపిరి బిగబట్టించి చివర్లో చేతులెత్తేసిన థ్రిల్లర్

మొన్న శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫ్లైట్‌ప్లాన్ మళ్లీ చూశా. 2005లో వచ్చిన జోడీ ఫోస్టర్ సినిమా, డైరెక్టర్ రాబర్ట్ ష్వెంట్కే. మొదటిసారి చూసింది హాస్టల్లో, ఒక కంప్యూటర్ ముందు ఎనిమిది మందిమి ఇరుక్కుని కూర్చుని చూశాం, గంట దాకా ఒక్కడు కూడా నోరు మెదపలేదు, ఆ తర్వాత మాత్రం ఒక్కొక్కడే లేచి టీకి వెళ్లిపోయాడు. అంత బాగా పట్టుకున్న సినిమా అంత తొందరగా ఎందుకు వదిలేసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు చూస్తే ఎక్కడ తెగిందో స్పష్టంగా కనపడింది. విలన్ ఎవరో కూడా కింద చెప్పేస్తున్నా, చూడని వాళ్లు చూసొచ్చాక చదవండి.

కథ ఇది. కైల్ అనే ఆవిడ బెర్లిన్‌లో విమానాల ఇంజినీర్. భర్త బిల్డింగ్ మీద నుంచి పడి చనిపోయాడు, శవపేటికని అదే విమానం కార్గోలో పెట్టించి ఆరేళ్ల కూతురు జూలియాతో న్యూయార్క్ బయల్దేరుతుంది. రెండంతస్తుల భారీ విమానం, నాలుగొందల మందికి పైగా జనం, పైగా ఆవిడకి ఆ విమానం లోపల ఏ వైరు ఎటు పోతుందో కూడా తెలుసు. వెనక వరసలో సీట్లు ఖాళీగా ఉంటే తల్లీకూతుళ్లు అక్కడికెళ్లి పడుకుంటారు. మూడు గంటల తర్వాత మెలకువ వస్తే పక్కన పాప లేదు. మొదట బాత్రూమ్‌కి వెళ్లిందేమో అనుకుంటుంది, తర్వాత ఎయిర్‌హోస్టెస్‌లని అడుగుతుంది, తర్వాత పరిగెడుతుంది. పాపని చూశామన్న మనిషి ఒక్కళ్లు లేరు. ప్రయాణికుల లిస్టులో పేరు లేదు, బోర్డింగ్ పాస్ లేదు, బ్యాగ్ లేదు. చివరికి కెప్టెన్ వచ్చి, మీ పాప కూడా మీ ఆయనతో పాటే చనిపోయిందని బెర్లిన్ నుంచి కబురొచ్చిందమ్మా అంటాడు.

ఇక్కడి దాకా నిజంగా అద్భుతం, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. ఎందుకంటే సినిమా మొదట్లోనే ఒక పని చేస్తాడు డైరెక్టర్, చనిపోయిన భర్త ఆవిడ పక్కన మంచులో నడుస్తున్నట్టు చూపిస్తాడు, అది ఆవిడ ఊహ అని మనకి కాసేపటికి తెలుస్తుంది. అంటే ఈవిడ మనసు, చనిపోయిన మనిషిని కూడా పక్కన నడిపించుకోగలదు అన్నమాట. అందుకే పాపని మన కళ్లతో మనం చూసినా సరే, కెప్టెన్ ఆ మాట అనగానే మన గుండె కూడా జారుతుంది. నిజంగా పాప ఉందా? ఈ ఒక్క ప్రశ్న మీద సినిమా మొత్తం నడిపించొచ్చు. జోడీ ఫోస్టర్ ఆ ముఖం మీద కోపం, భయం, తన మీద తనకే అనుమానం మూడూ ఒకేసారి చూపిస్తుంది, కూతురున్న వాళ్లెవరైనా ఆ సీన్లు తేలిగ్గా చూడలేరు, నేనైతే మధ్యలో లేచి మా పాప పడుకున్న గదిలోకి ఒకసారి తొంగి చూసొచ్చా.

తర్వాత కిటికీ అద్దం మీద ఊపిరి తగిలి, పాప వేలితో గీసిన హార్ట్ బొమ్మ బయటపడుతుంది. ఈ సీన్ కూడా బాగుంది. కానీ ఆ బొమ్మ కనపడగానే ప్రశ్న అయిపోయింది, పాప ఉంది. ఇప్పుడు సినిమా ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పాలి, పాపని ఎవరు ఎత్తుకెళ్లారు, ఎందుకు, ఎలా అని. అసలు కష్టం ఇక్కడ మొదలైంది.

పాపని ఎత్తుకెళ్లింది ఎయిర్ మార్షల్ కార్సన్, అంటే మామూలు ప్యాసింజర్‌లా సీట్లో కూర్చుని కాపలా కాసే ఆఫీసరు. ఒక ఎయిర్‌హోస్టెస్ వాడితో కలిసింది, బెర్లిన్‌లో మార్చురీ వాడు కూడా కలిశాడు. ప్లాన్ ఏంటంటే, భర్తని చంపి, శవపేటికని ఎక్స్‌రే తీయరు కాబట్టి అందులో బాంబులు పెట్టి, విమానంలో పాపని మాయం చేస్తే తల్లి వెతుక్కుంటూ కార్గోలోకి దిగి తన చేత్తోనే పేటిక తాళం తీస్తుందట, అప్పుడు వీడు బాంబులు తీసుకుని, హైజాక్ చేస్తున్నది ఆవిడే అని కెప్టెన్‌కి చెప్పి 5 కోట్ల డాలర్లు అకౌంట్‌లో వేయించుకుంటాడట.

ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఇది జరగాలంటే ఆవిడ నిద్రపోవాలి, పాపని ఎత్తుకెళ్లేటప్పుడు మెలకువ రాకూడదు, నాలుగొందల మందిలో ఏ పిల్లాడూ ఏ ముసలమ్మా కూడా ఆ పాప ముఖం గుర్తుపెట్టుకోకూడదు, తర్వాత ఆవిడ అందరి కళ్లుగప్పి కార్గో దాకా వెళ్లగలగాలి, వెళ్లాక పేటిక తెరవాలనే ఆలోచన రావాలి. వీటిలో ఒక్కటి తప్పినా ప్లాన్ మొత్తం పోయినట్టే. విమానంలో పక్క సీటు పిల్లలు ఏడిస్తే పది వరసల అవతల వాళ్లకి కూడా గుర్తుంటుంది, మనందరికీ తెలిసిందే కదా. ఇంత డబ్బు కోసం ఒక హత్య కూడా చేసినవాడు గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటాడా? మనం ఇంతసేపు భయపడింది ఒక తెలివైన శత్రువుకి అనుకున్నాం, తీరా చూస్తే వాడికి అన్నీ అదృష్టం కొద్దీ కలిసొచ్చాయి అంతే.

ఇదే కథని సస్పెన్స్ సినిమాలకి పేరున్న డైరెక్టర్ హిచ్‌కాక్ 1938లోనే ది లేడీ వానిషెస్ అని తీశాడు. అక్కడ విమానం కాదు రైలు, పాప కాదు ఒక పెద్దావిడ, ఆవిడ కూడా అద్దం మీద వేలితో పేరు రాస్తుంది. చూడలేదని అక్కడా అందరూ అంటారు, కానీ ఒక్కొక్కళ్లకి ఒక్కో కారణం ఉంటుంది. ఇద్దరు క్రికెట్ పిచ్చోళ్లు ఉంటారు, రైలు ఆగితే మాంచెస్టర్ టెస్ట్ మ్యాచ్ పోతుందని వాళ్ల భయం. ఇంకొకాయన పెళ్లాం కాని ఆవిడతో ప్రయాణం చేస్తున్నాడు, గొడవ పెద్దదైతే పరువు పోతుందని ఆయన భయం. కుట్ర చేసినవాళ్లు వేరే ఉన్నా వీళ్లు మాత్రం ఎవరి స్వార్థానికి వాళ్లు అబద్ధం ఆడారు, చూసేవాడు అవును నేనైనా అలాగే అంటానేమో అనుకుంటాడు. ఫ్లైట్‌ప్లాన్‌లో ఆ పని అసలు చేయలేదు, ఎవరూ చూడలేదు అంటే చూడలేదు, అంతటితో వదిలేశారు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే అనిపించింది, క్లైమాక్స్ ఫైట్ కంటే కూడా.

కెప్టెన్ సంగతి కూడా చెప్పాలి. షాన్ బీన్ మంచి నటుడు, ఆ పాత్ర కూడా మొదట్లో చాలా మర్యాదగా, నిజమైన కెప్టెన్‌లా ఉంటుంది. అలాంటివాడు అంత డబ్బు వేయించే ముందు ఆ తల్లితో నేరుగా ఒక్క మాట మాట్లాడడా, మధ్యలో మార్షల్ మోసుకొచ్చిన మాటే నమ్మేస్తాడా? ఒక్క నిమిషం ఎదురుగా కూర్చుని అడిగితే ప్లాన్ మొత్తం బయటపడేది. కథ ఆగిపోకూడదని పాత్రని తెలివితక్కువ చేస్తే ఆ నటుడు ఏం చేయగలడు పాపం. ఇక ఎయిర్‌హోస్టెస్‌ని కూడా కుట్రలో కలిపి చూపించారని అప్పట్లో అమెరికాలో ఎయిర్‌హోస్టెస్‌ల యూనియన్లు ఈ సినిమా చూడొద్దని పిలుపు కూడా ఇచ్చాయి.

ఆఖర్లో విమానం కెనడాలో గూస్ బే దగ్గర దిగుతుంది, అందర్నీ దించేసి ఖాళీ విమానంలో తల్లీ విలనూ మిగులుతారు. వాడు తన ప్లాన్ నోటితో చెప్తాడు, వెంటాడుకుంటారు, పేలుడు, పొగలోంచి పాపని ఎత్తుకుని అమ్మ బయటికి వస్తుంది. బాగానే తీశారు కానీ ఇది వేరే సినిమా, మనసు లోపల జరుగుతున్న కథ కాస్తా మెట్ల మీద ఉరుకులాట అయిపోయింది. 5కి రెండున్నర ఇస్తాను, ఆ రెండున్నరా మొదటి గంటకే.

ఇంకొక్కటి, ఇది ప్లాట్‌కి సంబంధించింది కాదు గానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది. మధ్యలో కైల్ ఒక అరబ్ ప్రయాణికుడి మీద పడుతుంది, నువ్వే మా ఇంటి కిటికీలోకి చూశావు, నువ్వే పాపని ఎత్తుకెళ్లావు అని అందరి ముందు అరుస్తుంది, మిగతావాళ్లు కూడా అతన్నే అనుమానంగా చూస్తారు. అతనికి ఏ సంబంధం లేదని తర్వాత తేలింది. ఆఖర్లో కెప్టెన్ ఆవిడకి సారీ చెప్తాడు, అందరూ సిగ్గుపడి పక్కకి తప్పుకుంటారు, ఆ మనిషి మాత్రం ఏమీ అనకుండా ఆవిడ బ్యాగ్ తీసి చేతికిస్తాడు. ఆవిడ నోటి నుంచి క్షమించమన్న ఒక్క మాట రాదు, పాపని భుజాన వేసుకుని వెళ్లిపోతుంది. అంత పెద్ద నటి, అంత బరువున్న క్షణం, ఆ ఇద్దరూ ఒక్క రెండు నిమిషాలు నిలబడి మాట్లాడుకుని ఉంటే ఆ పేలుడు మొత్తం కోసేసినా నేను అడిగేవాణ్ని కాదు.