రొమ్ము తీసేశాక: ఇంప్లాంట్ మేలా, కొవ్వు మేలా?

"మన ఒంట్లో కొవ్వే కదా అక్కా, బయటి వస్తువు కంటే అదే మేలు కాదేటి?" అని అడిగింది ఆమదాలవలసలో నాకు చెల్లెలి వరసయ్యే ఒకామె. క్యాన్సర్‌కి ఒక రొమ్ము పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఆకారం తిరిగి కావాలనుకుంటోంది. బయటి వస్తువంటే ఇంప్లాంట్, రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టే సిలికాన్ సంచి. ఇది సోకు అనేవాళ్ల మాట పట్టించుకోవద్దని ముందే చెప్పాను.

గడ్డ వరకే తీసి, అక్కడ సొట్ట పడితే కొవ్వు చాలు. పొట్ట నుంచో తొడల నుంచో సన్న గొట్టంతో లాగి, శుభ్రం చేసి, ఊడ్పుల్లో నారు ఎడంగా పెట్టినట్టు కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. ఒకేచోట ముద్దగా పెడితే రక్తం అందక చచ్చిపోతుంది. ఎంత బాగా చేసినా మొదటి నెలల్లో మూడో వంతు నుంచి సగం దాకా కరిగిపోవచ్చు. అందుకే రెండు మూడు విడతలు పడుతుంది. రొమ్ము మొత్తం కొవ్వుతోనే కట్టాలంటే ఇంకా ఎక్కువ విడతలు కావాలి, తీయడానికి ఒంట్లో సరిపడా కొవ్వూ ఉండాలి. మా చెల్లిది బక్కపలచని ఒళ్లు.

అలాంటి ఒంటికి పరిమాణం కావాలంటే ముందుగా చూడాల్సింది ఇంప్లాంటే. కానీ అది జీవితాంతం ఉండేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. చుట్టూ పొర గట్టిపడి నొప్పి పుట్టొచ్చు. రేడియేషన్ పడిన ఛాతీలో ఈ బాధ ఎక్కువ. అలాంటివాళ్లు పొట్ట లేదా వీపు కండతో చేసే ఆపరేషన్ గురించి కూడా అడగాలి. ఛాతీ కండరం కింద పెట్టిన ఇంప్లాంట్, బరువెత్తినప్పుడు కండరంతోపాటు కదులుతుంది. పొలం పని చేసేవాళ్లు ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

నా మటుకు ఇవి పోటీ కావు. రేడియేషన్ లేని బక్కపలచని మనిషికి ముందు ఇంప్లాంట్, కొన్ని నెలలాగి పైఅంచు దగ్గర కనబడే ముడతల మీద కొంచెం కొవ్వు. ఆ కలయికే చూపుకి సహజంగా ఉంటుంది. చెల్లికి అదే చెప్పాను.

మన జిల్లాలవాళ్లు తర్వాతి పరీక్షల గురించి ఇంకాస్త ఎక్కువ ఆలోచించాలి. సిలికాన్ ఇంప్లాంట్ లోపల చిరిగినా చాలాసార్లు పైకి తెలీదు. ఇంప్లాంట్ పెట్టించుకున్న ఐదారేళ్లకి మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి ఎమ్మారై గాని అల్ట్రాసౌండ్ గాని చేయించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 100 కిలోమీటర్లు. ఆ ప్రయాణాల ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంవాళ్లకి ఆ భయం ఉంటుంది. ఇంప్లాంట్ చిరిగిందో లేదో చూసే ఎమ్మారైకి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) అక్కర్లేదు. ఆపరేషన్‌కి ముందు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మాత్రం చేయించుకోవాలి.

అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. పొగాకు రక్తనాళాల్ని బిగిస్తుంది, కొవ్వూ నిలవదు, గాయమూ మానదు.

కొవ్వు ఎక్కించుకున్న చోట నూనె తిత్తులు, సున్నపు చుక్కలు ఏర్పడొచ్చు. మామోగ్రామ్ తీసేవాళ్లకి ఆ సంగతి చెప్పండి, లేదంటే క్యాన్సరేమోనని మళ్లీ ముక్క తీసి పరీక్షించాల్సి రావచ్చు. ఇంప్లాంట్ కార్డు, అంటే కంపెనీ, రకం, సీరియల్ నంబరు ఉండే చిన్న అట్ట, ఇంటి దస్తావేజులతో కలిపి దాచండి. 2019లో అలెర్గాన్ గరుకు ఉపరితలం ఉన్న బయోసెల్ రకాన్ని, లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ ముప్పు వల్ల, ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. తమలో ఉన్నది అదేనా కాదా అని తేల్చుకోవడానికి ఆ కార్డే ఆధారం.