బొబ్బర్ల గారెలా, మినప గారెలా?

కోనసీమ ఇళ్లలో పండగైనా, తద్దినమైనా గారె అంటే మినప గారే. వాన పడే సాయంత్రం మాత్రం నా ఓటు బొబ్బర్ల గారెకే.

మినప్పప్పు 3, 4 గంటలు నానితే చాలు. కష్టమంతా రుబ్బడంలోనే. నీళ్లు చిలకరిస్తూ పిండి వెన్నలా వచ్చేదాకా రుబ్బాలి.

బొబ్బర్లు కనీసం 6 గంటలు నానాలి. నీళ్లు పూర్తిగా వంచేసి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో కచ్చాపచ్చాగా రుబ్బితే సరిపోతుంది. చుక్క నీరు పోయకూడదు, పిండి జారైతే నూనె పీల్చేస్తుంది. నానిన గింజలు ఓ గుప్పెడు పక్కన పెట్టి చివర్లో కలపండి, పంటికి తగులుతూ ఎంత బాగుంటాయో! ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు నూనె కాగాకే కలపాలి. ముందే వేస్తే పిండి నీరు కారుతుంది. మంట మధ్యస్థంగా ఉండాలి, లేదంటే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి.

ప్రొటీన్ రెండింట్లోనూ 100 గ్రాముల ఎండు గింజలకు 20 గ్రాముల పైనే.

పెరుగులో నానే ఆవడకి మినుమే సరి, బొబ్బర్ల గారె అంత మెత్తబడదు. అల్లం పచ్చడికీ, నాటుకోడి కూరకీ అయితే కరకరలాడే బొబ్బర్ల గారెలే వేయండి.