తిరుపతి నుంచి ‘సముద్ర స్నానం ప్యాకేజీ’ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చేయిస్తామని డబ్బు కట్టించుకుని, ఏడుగురిని తీసుకెళ్లి పులికాట్ సరస్సు పక్కన నిలబెట్టి, ‘ఇదే సముద్రం’ అన్నారు. నిన్న రాత్రి ఇల్లు చేరాం. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, మాట కటువుగా వస్తే సర్దుకోండి.

ఎవరని అడగకండి. బస్టాండు చుట్టుపక్కల తిరిగేవాళ్లందరికీ ఆ ట్రావెల్స్ బోర్డు తెలుసు. ‘కొండ నుంచి కడలి దాకా’ అని రాసి, పక్కన కొబ్బరిచెట్టు బొమ్మ కూడా వేశారు. పేరు రాయడం లేదు. రాస్తే నా మీదే నోటీసు పంపే రకం.

మా అత్తయ్యకు మాఘ పౌర్ణమి నాడు సముద్రంలో మూడు మునకలు వేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఈసారి ఆదివారం కలిసివచ్చింది. పిల్లలకు సెలవు, ఆడపడుచు కుటుంబం కూడా వస్తామంది. ఎలాగూ వెళ్తున్నాం కదా, దారంతా చూసుకుంటూ వెళ్దామని నేనే వివరంగా కాగితం మీద రాసి పెట్టుకున్నాను. తెల్లవారుజామున బయలుదేరి రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి. అక్కడ గోపురానికి దండం పెట్టుకుని నాయుడుపేట. అక్కడ చెన్నై జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి తిరిగితే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం. ఆ తరువాత సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి, పులికాట్ సరస్సు, చివరికి సముద్రం. ఆ ‘చివరికి సముద్రం’ అన్న చోటే నన్ను ముంచారు.

నా కాగితంలో సముద్రం దగ్గర తూపిలిపాలెం అని రాసి ఉంది. ఆ పెద్దమనిషి పెన్ను తీసుకుని దాన్ని కొట్టేశాడు. ‘అంత చుట్టు తిరగడం ఎందుకు మేడమ్? సూళ్లూరుపేట నుంచి తిన్నగా పోతే శ్రీహరికోట బీచే ఉంది. జనం ఉండరు, శుభ్రంగా ఉంటుంది, పెద్దవాళ్లకు హాయి’ అన్నాడు. మా ఆయన అప్పుడే అడిగారు: ‘అది రాకెట్ల కేంద్రం కదండీ, లోపలికి వదులుతారా?’ దానికి ఆయన నవ్వి, ‘అందరినీ వదలరు సార్. మనకు పాస్ వస్తుంది. లోపల మన మనిషి ఉన్నాడు’ అన్నాడు. ఆ ‘మన మనిషి’ అన్న మాట ఎంత ధీమాగా అన్నాడంటే, ఇస్రోలో సగం మంది ఆయన పెళ్లికి వచ్చినవాళ్లే అనిపించింది. అందరి ఆధార్ కార్డుల ఫొటోలు కూడా పంపించుకున్నాడు, పాస్ కోసమట. మొత్తం కలిపి 9,500, డీజిల్, టోలు, డ్రైవరు బత్తా అన్నీ అందులోనే, పైన ఒక్క రూపాయి ఉండదు అన్నాడు. 5,000 అడ్వాన్సు ఫోన్‌లో పంపాను.

దారి గురించి మాత్రం అబద్ధం చెప్పను, బ్రహ్మాండంగా ఉంది. నాయుడుపేట దాకా రోడ్డు హాయిగా సాగింది. స్వర్ణముఖి కాసేపు కనబడుతుంది, కాసేపు మాయమవుతుంది. మన ఊరి ఏరే అది, శ్రీకాళహస్తిని, నాయుడుపేటను దాటుకుని ఎవరికీ ప్యాకేజీ డబ్బు కట్టకుండానే సముద్రం చేరుతుంది. నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. పిల్లలను కాపలా గోపురం మీద నుంచి దింపడానికి అరగంట పట్టింది. సూళ్లూరుపేటలో చెంగాళమ్మకు కొబ్బరికాయ కొట్టాం. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో అధ్యక్షులు వచ్చి దండం పెట్టుకునే గుడి అదే.

అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా నీళ్లు, దూరంగా రాజహంసలు గుంపులు గుంపులుగా, మోకాలి లోతు నీళ్లలో తలలు కిందికి పెట్టి మేత వెతుక్కుంటున్నాయి. మా అత్తయ్య కారు ఆపించి మరీ చూసింది. ‘ఇక సముద్రం ఎంత దూరం నాయనా?’ అని డ్రైవరును అడిగింది. ఆ అబ్బాయి బదులు చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పక్షులను చూస్తూ కూర్చున్నాను, మహా రసికురాలిని కదా.

గేటు దగ్గర భద్రతా సిబ్బంది కారు ఆపారు. డ్రైవరు దిగి ఏదో మాట్లాడి, తల వంచుకుని తిరిగి వచ్చాడు. నేనూ మా ఆయనా దిగి వెళ్లాం. అక్కడి జవాను చాలా మర్యాదగా చెప్పాడు: మా పేర్ల మీద పాస్ ఏదీ లేదు. ఇది అంతరిక్ష కేంద్రం, స్నానాలకు వదిలే చోటు కాదు. ప్రయోగం ఉన్న రోజు వీక్షకుల గ్యాలరీకి రావాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అంతే తప్ప ‘మన మనుషులు’ అంటూ ఎవరూ ఉండరు. చివరి మాట ఆయన అనలేదు, నేనే కలిపాను. అలా వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారా అని అడిగితే మాత్రం చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక అర్థమైంది, ఈ బేరం మాతో మొదలైంది కాదని.

అక్కడే నిలబడి ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను, అందరూ వినాలని. ఆ సంభాషణ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఈ గొడవ మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది అదొక్కటే.

‘గేటు దగ్గర పాస్ లేదంటున్నారండీ’ అన్నాను.

‘ఈరోజు మనవాడు సెలవులో ఉన్నట్టున్నాడు మేడమ్.’

‘మరి సముద్రం?’

‘దారిలో నీళ్లు కనబడ్డాయా లేదా?’

‘కనబడ్డాయి. అది పులికాట్ సరస్సు.’

‘ఉప్పగా ఉంటాయా, ఉండవా?’

నేను మాట్లాడలేదు. నిజానికి మాట రాలేదు.

‘ఉప్పగానే ఉంటాయి కదా మేడమ్. సముద్రంలోంచే వస్తాయి ఆ నీళ్లు. ఇదే సముద్రం అనుకోండి. ముసలామె మునకలు వేయడానికి ఆ మాత్రం చాలదా? పెద్ద అలలు ఉంటే కాళ్లు జారి పడిపోతుంది కూడా. మీ మంచికే చెబుతున్నాను.’

పక్కనే మా అత్తయ్య ఉంది. ఈ మాటలన్నీ విన్నది. ఆమెను ముసలామె అన్నందుకు కాదు నా బాధ. తొలిరోజు ఇదే మనిషి ఆమెకు కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ‘అమ్మా, మాఘ స్నానం చేయించిన పుణ్యం మాకూ కాస్త వస్తుంది’ అన్నాడు. ఆమె పొంగిపోయి, తిరిగి వచ్చాక నీకు ప్రసాదం తెస్తాను నాయనా అని మాట కూడా ఇచ్చింది. గేటు దగ్గర అదే గొంతు, అదే నెమ్మది, ‘ఆ మాత్రం చాలదా’ అంటోంది. అరిచినా ఇంత కోపం వచ్చేది కాదు. మోసం చేస్తూ కూడా మన ఆరోగ్యం గురించి శ్రద్ధ చూపించాడు చూడండి, ఆ విద్య ఎక్కడ నేర్చుకుంటారో!

తూపిలిపాలెమే తీసుకెళ్లమన్నాను. ‘అది వేరే రూటు మేడమ్, ఇంకో 4,500 అవుతుంది’ అన్నాడు. ఆయన పెన్నుతో కొట్టేసిన ఊరే అది! పైగా అప్పటికే మధ్యాహ్నం. మళ్లీ నాయుడుపేట వైపు వెనక్కి వచ్చి, వాకాడు మీదుగా తూర్పుకు తిరిగి ఎప్పటికి చేరతాం? చంటిపిల్లతో మా ఆడపడుచు అప్పటికే డీలా పడిపోయింది.

డ్రైవరు అబ్బాయి పాపం ఏం చేస్తాడు? సరస్సు నీళ్లైనా తల మీద చల్లుకోండి అమ్మమ్మా అన్నాడు. మా అత్తయ్య అతని వైపు చూసి, ‘నాకెందుకు నాయనా, పాపం మూటగట్టుకున్నవాడు తిరుపతిలో కూర్చున్నాడు, ఆ స్నానమేదో వాడికి చేయించు’ అంది. రోజంతటిలో మేం నవ్వింది అప్పుడే.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. రాత్రి ఇంటి ముందు దిగాక డ్రైవరు ఫోన్‌లో బిల్లు చూపించాడు. 9,500 ఎలాగూ ఉంది. దాని కింద షెడ్డు నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి షెడ్డుకు 40 కిలోమీటర్లట, 800. గేటు దగ్గర వెయిటింగ్ 600. బత్తా 500, అది ప్యాకేజీలోనే ఉందన్న బత్తా! అన్నిటికన్నా అందమైనది చివరి పద్దు: శ్రీహరికోట పాస్ ఖర్చు 1,500. మొత్తం 12,900.

మరోసారి చదవండి. లేని పాస్‌కు 1,500.

ఫోన్ చేస్తే, ‘అది మనవాడికి ముందే ఇచ్చేశాం మేడమ్, వెనక్కి రాదు’ అన్నాడు. సెలవులో ఉన్న మనవాడికి! నేను ఇవ్వనని గట్టిగా చెప్పాను. అప్పుడు డ్రైవరు అబ్బాయి పక్కకు పిలిచి, ‘మీరు ఇవ్వకపోతే నా జీతంలో కోస్తారు అక్కా’ అన్నాడు. నిజమో, అది కూడా వాళ్లు నేర్పిన పాఠమో తెలియదు. తెల్లవారుజాము నుంచి స్టీరింగు పట్టుకుని కూర్చున్న పిల్లాడి ముఖం చూసి మా ఆయన డబ్బు పంపేశారు. నేనైతే ఇంకో గంట పోట్లాడేదాన్ని.

కోపం పక్కన పెట్టి, ఇటు వెళ్లాలనుకునేవాళ్లకు చెప్పవలసినది చెబుతాను. సూళ్లూరుపేటకూ బంగాళాఖాతానికీ మధ్య పులికాట్ సరస్సు ఉంది. దానికి అటువైపు శ్రీహరికోట దీవి సముద్రానికి అడ్డంగా పడుకుని ఉంది, ఆ దీవిలోనే సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం. కాబట్టి ఆ రోడ్డు మీద ఎంత దూరం వెళ్లినా మనబోటివాళ్లు దిగి స్నానం చేసే తీరం రాదు. ఎవరైనా ‘శ్రీహరికోట బీచ్ ప్యాకేజీ’ అన్నారంటే వాళ్లకు భూగోళం తెలియదు, లేదా మీకు తెలియదని వాళ్లకు బాగా తెలుసు. పులికాట్‌ను తక్కువ చేయడం లేదు. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అక్టోబరు నుంచి మార్చి లోపు పక్షుల కోసం వెళ్తే డబ్బుకు న్యాయం జరుగుతుంది. పడవ ఎక్కాలంటే తడ దగ్గర భీమునివారిపాలెం ఉంది. అలలు కావాలంటే మాత్రం తూపిలిపాలెమో, నెల్లూరు దాకా పోగలిగితే మైపాడో పెట్టుకోండి. పక్షులూ సముద్రమూ రెండూ కావాలంటే ఒక్క రోజులో కుక్కకండి, నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో రాత్రికి ఆగండి. స్నానం ముహూర్తం ఉంటే ముందు సముద్రం, తరువాత పక్షులు.

బేరం ఆడేటప్పుడు ఏ ఊరి ఏ తీరమో పేరుతో సహా వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు. కిలోమీటర్ల లెక్క మీ ఇంటి నుంచా, వాళ్ల షెడ్డు నుంచా అన్నది కూడా అందులోనే ఉండాలి. బయలుదేరే ముందు, దిగే ముందు మీటరు ఫొటో తీయండి. పాస్ అన్నారంటే పాస్ చూపించాకే అడ్వాన్సు. ఆధార్ ఫొటోలు ఊరికే పంపకండి, మావి ఏడు ఇప్పుడు ఆయన ఫోన్‌లో ఉన్నాయి.

ఈరోజు పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. మా ఆయన 12,900 కోసం ఇంత అవసరమా అంటున్నారు. అవసరమే. ఇదే ట్రావెల్స్‌లో పాస్ పేరుతో డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఆ బిల్లు దాచి ఉంచి నాకు కబురు చేయండి, ఫిర్యాదుకు జత చేస్తాను.