జాగ్రత్త: ఆ పెద్దాయన రాసే 'సూపర్' నమ్మకండి

చేతులు ఇంకా ఫిల్ము కడిగే హైపో మందు వాసన కొడుతున్నాయి, ఆ కోపంలోనే రాస్తున్నా. పాత లెన్సులు అమ్మే ఆ పెద్దాయన మీకందరికీ తెలుసు, పేరు రాయను. నా 4×5 అంగుళాల షీట్ ఫిల్ము కెమెరాకని ఆయన దగ్గర 'సూపర్ ఆంగ్యులాన్ 90' అనే 90 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు 28 వేలు పోసి కొన్నా. ప్రకటనలో ఎఫ్ 6.8 అని ఉంది. ఆ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు, ఎఫ్ 8 దానికంటే ఎక్కువే కదా అని సంబరపడ్డా కూడా. నా తెలివి అలా ఏడ్చింది!

ఆదివారం తలకోన పోయా. జలపాతం పై అంచు ఫ్రేములోకి రావాలని లెన్సు బోర్డు పైకి జరిపా. వైడ్ లెన్సుకి గ్రౌండ్ గ్లాస్ (ఫ్రేము చూసుకునే వెనక గాజు) మూలలు ఎలాగూ మసకగానే కనిపిస్తాయి, అనుమానం రాలేదు. రాత్రి బాత్రూంలో నాలుగు షీట్లు కడిగితే నాలుగింటికీ పై మూలలు ఉత్త గాజులా ఖాళీ.

అప్పుడు చదివా లెన్సు ముందు రింగు. ఆంగ్యులాన్ 1:6.8/90. సూపర్ లేదు! అసలు 90లో సూపర్ ఆంగ్యులాన్ అంటే 8 గానీ 5.6 గానీ ఉండాలి, 6.8 అనేదే లేదు. ఆ 8 దానికి ఇమేజ్ సర్కిల్, అంటే లెన్సు వేసే గుండ్రటి బొమ్మ వెడల్పు, 216 మిల్లీమీటర్లు, దీనికి 154. షీటే ఆ మూల నుంచి ఈ మూలకి 153 దాకా ఉంటే ఇంక జరిపేదెక్కడికి?

ఫోన్ చేశా. "సూపర్‌గా ఉండే ఆంగ్యులాన్ అని రాసినా నైనా. లెన్సు సూపర్‌గా లేదా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పక్కన ఎవరో నవ్వుతున్నారు. "అంత పెద్ద కెమెరా పెట్టుకున్నావే, దాని మీద ఏం రాసుండాదో చదువుకోవాల గదా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. డబ్బు పోయింది సరే, ఆ 'నైనా' మాత్రం ఇంకా చెవిలో మోగుతోంది.

లెన్సు చెడ్డది కాదులెండి. బోర్డు కదపకుండా తీసుకునేవాళ్ళకి పనికొస్తుంది, జేబులో పడుతుంది. కానీ దాని ధర 28 వేలు కాదు.

కొనేవాళ్ళు ముందు రింగు మీద అక్షరాలు మొత్తం కనిపించే ఫోటో అడగండి. షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి నొక్కే వీడియో కూడా. ఇవ్వకపోతే వదిలేయండి.

ఈ రాత్రే రాయడానికి కారణం ఇంకోటుంది. పొద్దున ఆయన ఇంకో లెన్సుకి కొత్త ప్రకటన పెట్టాడు: 'సూపర్ సిమ్మార్ 150'. ఫోటోలో రింగు సగమే కనిపిస్తోంది.