బొగ్గుబాయిలోకి దిగడమా, పాత ఇళ్ల మధ్య తిరగడమా? కార్డిఫ్ నుంచి ఒక్క రోజుకు ఏది మేలు

కార్డిఫ్‌లో చదువుకునే పిల్లల దగ్గరికో, ఉద్యోగం చేసే కొడుకు కోడలి దగ్గరికో వచ్చినవాళ్లు కోట, బే చూసేశాక ఇంకొక్క రోజు చేతిలో ఉంటుంది. ఆ రోజుకు సౌత్ వేల్స్‌లో రెండు పేర్లు పోటీ పడతాయి. ఒకటి బ్లైనావన్ కొండ మీద ఉన్న బిగ్ పిట్ జాతీయ బొగ్గు గని మ్యూజియం. రెండోది కార్డిఫ్ పడమటి అంచున ఉన్న సెయింట్ ఫాగన్స్ జాతీయ చరిత్ర మ్యూజియం. రెండూ ఒకే సంస్థ కింద నడుస్తాయి. రెండింటికీ ప్రవేశం ఉచితం, కారు పెడితే పార్కింగ్‌కు కట్టాలి. బిగ్ పిట్‌లో కిందికి దిగే టూర్‌కు మాత్రం విడిగా టికెట్ ఉంటుంది.

బిగ్ పిట్‌కు వెళ్లడం రైలెక్కడం లాంటిది, టైముకు చేరకపోతే పోయినట్టే. సెయింట్ ఫాగన్స్‌కు వెళ్లడం తిరునాళ్లకు వెళ్లినట్టు, ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది, ఎంతసేపున్నా ఏదో ఒకటి మిగిలిపోతుంది. ఈ తేడా ముందే తెలిస్తే సగం తగువు తీరిపోతుంది.

ముందు బాయి సంగతి

బిగ్ పిట్‌ను వెల్ష్‌లో పుల్ మౌర్ అంటారు. మౌర్ అంటే పెద్ద, పుల్ అంటే గొయ్యి, నీళ్ల మడుగు కూడా. సింగరేణి వైపు బొగ్గు గనిని బొగ్గుబాయి అంటారు కదా, ఆ లెక్కన ఇది అచ్చంగా 'పెద్దబాయి'. పేరు ఊరికే రాలేదు. గని నోరు 18 అడుగులు, 13 అడుగుల కోడిగుడ్డు ఆకారం. రెండు వరుసల బొగ్గు బండ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పుతో వేల్స్‌లో తవ్విన మొదటి గొయ్యి ఇదే. 1860లో మొదలై 1980 ఫిబ్రవరి 2న మూతపడింది. 1983లో మ్యూజియంగా మళ్లీ తెరిచారు. చుట్టూ ఉన్న బ్లైనావన్ ప్రాంతమంతా 2000 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

దిగేది 300 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. దింపేది అప్పట్లో కార్మికులను దింపిన కేజ్ (ఇనుప బోను లాంటి లిఫ్టు) లోనే. తీసుకెళ్లేది గనుల్లో పనిచేసిన మనుషులు, కాబట్టి బట్టీ పట్టిన గైడు పాఠం ఉండదు. సుమారు యాభై నిమిషాలు కింద ఉంటారు. దిగే ముందు ల్యాంప్ రూములో హెల్మెట్ ఇస్తారు, నడుముకు బెల్టు కడతారు. బెల్టుకు ఒక పక్క బ్యాటరీ, మరో పక్క పొగో విషవాయువో వస్తే నోటికి పెట్టుకుని ఊపిరి పీల్చుకునే డబ్బా. అన్నీ కలిపి ఐదు కిలోల బరువు. బ్యాటరీ నుంచి తీగ వీపు మీదుగా పైకెళ్లి హెల్మెట్ దీపానికి తగులుతుంది. చీర, లంగాల మీద ఈ బెల్టు నిలవదు, జారిపోతూ ఉంటుంది. ప్యాంటో చుడీదారో వేసుకోవాలి. చెప్పులు వద్దు, మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి. కింద నేల ఎగుడుదిగుడు, అక్కడక్కడ తడి.

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు: బ్యాటరీ ఉన్నది, నిప్పు పుట్టించేది ఏదీ కిందికి పోకూడదు. ఫోను, కెమెరా, చేతి గడియారం, లైటర్, అగ్గిపెట్టె, ఆఖరికి బటన్ నొక్కితే తెరుచుకునే కారు తాళం కూడా పైనే ఇచ్చేయాలి. ఇదేమీ నాటకం కాదు. చట్టం ప్రకారం ఇది ఇప్పటికీ గనే, గనుల తనిఖీ అధికారుల కిందే ఉంటుంది. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే కిందికి వెళ్లాక ఫొటోల ఆశ వదులుకోండి. స్మార్ట్ వాచీ తీయనని మారాం చేసే కుర్రాడుంటే ఇంట్లోనే ఒప్పించి తీసుకురండి. కేజ్ ముందు వరసలో నిలబడి బతిమాలితే మీ వెనకవాళ్లకు ఆలస్యం.

కింద చూసేవాటిలో మూడు గుర్తుండిపోతాయి. మొదటిది గాలి తలుపులు. గనిలో గాలి సరైన దారిలో తిరగాలంటే బండి వచ్చినప్పుడే తలుపు తెరిచి వెంటనే మూయాలి. ఆ పనికి చిన్నపిల్లలను చీకట్లో కూర్చోబెట్టేవారు. ఆడవాళ్లనూ పదేళ్ల లోపు మగపిల్లలనూ భూగర్భంలో పనికి పెట్టకూడదని చట్టం వచ్చింది 1842లో. టూర్‌లో ఒకచోట అందరి దీపాలూ ఆర్పమంటారు. అమావాస్య చీకటి కూడా దీని ముందు వెలుగే, మొహం ముందు చెయ్యి ఆడించినా కనిపించదు. రెండోది గుర్రాల సాల. బండ్లు లాగిన గుర్రాల పేర్లు కొట్టాల మీద ఇంకా ఉన్నాయి. మూడోది మంట దీపం. గైడు చేతిలో చిన్న ఇత్తడి దీపం, లోపల మంట చుట్టూ సన్నని తీగ వల. మీథేన్ ఉంటే మంట చుట్టూ లేత నీలి టోపీ లేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మంట కుంగి ఆరిపోతుంది. ఎలక్ట్రానిక్ పరికరాలు రాకముందు మనిషి ప్రాణం ఈ నీలిరంగును పట్టుకోవడం మీదే ఆధారపడింది.

పైకొచ్చాక హడావిడిగా కారెక్కేయకండి. 1939లో కట్టిన స్నానాల గదులు చూడాలి. శుభ్రమైన బట్టలకు ఒక లాకరు, బొగ్గు బట్టలకు ఇంకొకటి, మధ్యలో షవర్లు. ఇవి కట్టకముందు మగవాళ్లు ఒళ్లంతా మసితో ఇంటికెళ్లి పొయ్యి ముందు రేకు తొట్టిలో స్నానం చేసేవారు. నీళ్లు కాచి మోసి పోయడం ఇంటి ఆడవాళ్ల పని. ఈ గదులు మార్చింది గని కార్మికుల జీవితాన్ని అంటారు గానీ, నిజానికి వాళ్ల భార్యల జీవితాన్ని.

ఎవరికి పడదు

ఒక మీటరు ఎత్తు లేని పిల్లలను కిందికి తీసుకెళ్లరు. చంటిబిడ్డ ఉంటే తల్లో తండ్రో పైన ఆగాలి, ఇద్దరూ చూడాలంటే రెండు టూర్లకు వేరువేరుగా బుక్ చేసుకోవాలి. చాలాచోట్ల వంగి నడవాలి, ఆరడుగుల మనిషికి నడుం పట్టేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, మూసిన చోట ఊపిరాడదనుకునేవాళ్లకు ఇది సరదా ప్రయాణం కాదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను దింపే ఏర్పాటు ఉంది, ముందుగా ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. వేసవిలో వచ్చాం కదా అని పల్చటి బట్టలతో వెళితే పైనా కిందా వణుకే. పైన కొండగాలి, కింద ఏడాది పొడుగునా ఒకే చల్లదనం.

ఇంకో చిక్కు ప్రయాణం. బ్లైనావన్‌కు మామూలు రైలు లేదు. కార్డిఫ్ నుంచి కారులో ముప్పావు గంట పైచిలుకు. కారు లేకపోతే న్యూపోర్ట్ దాకానో కుమ్‌బ్రాన్ దాకానో రైల్లో వెళ్లి అక్కడ ఎక్స్24 బస్సు పట్టుకోవాలి. బస్సు ఊళ్లో దింపితే గని దాకా ఎక్కుడు దారి. మొత్తం ఒక వైపుకే గంటన్నర, రెండు గంటలు పెట్టుకోండి. ఆదివారం బస్సులు పలచన. మ్యూజియం మూసే టైముకు బాగా ముందే ఆఖరి టూర్ దిగిపోతుంది. పదకొండుకు ఇంట్లో టిఫిన్ తిని బయల్దేరినవాళ్లు రెండింటికి చేరి, టూర్లన్నీ నిండిపోయాయని విని, క్యాంటీన్లో టీ తాగి తిరిగొస్తారు. దీనికి విరుగుడు ఒక్కటే: ఆన్‌లైన్‌లో ఉదయం టూర్ బుక్ చేసుకుని, అరగంట ముందు అక్కడ ఉండడం.

సెయింట్ ఫాగన్స్

శిల్పారామం చూసినవాళ్లకు ఇది అలాంటిదే అనిపిస్తుంది, కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడున్నవి నమూనాలు కాదు. వేల్స్ నలుమూలలా ఉన్న అసలు ఇళ్లను రాయి రాయికి నంబరు వేసి విప్పి, తెచ్చి మళ్లీ పేర్చారు. అలాంటివి నలభైకి పైగా, దాదాపు వంద ఎకరాల్లో. 1948 జూలై 1న తెరిచారు. స్వీడన్‌లో 1891లో మొదలైన స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం దీనికి ఒరవడి. 2019లో బ్రిటన్ మొత్తానికీ ఆ ఏటి మేటి మ్యూజియంగా బహుమతి అందుకుంది.

సిటీ మధ్య నుంచి 32ఏ బస్సు నేరుగా వస్తుంది. కారైతే ఎం4 మీద 33వ జంక్షన్ దగ్గర దిగాలి. టికెట్ లేదు, బుకింగ్ లేదు, పిల్లలు పరిగెత్తొచ్చు, పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చోవచ్చు. అయితే అన్నీ చూసేద్దామని బయల్దేరడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మూడో ఇంటికే కాళ్లు లాగుతాయి, పదో ఇల్లు చూసేసరికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

అసలు వదలకూడనిది రీడ్-అ-కార్ వరస. మెర్థిర్ టిడ్విల్ నుంచి తెచ్చిన ఆరు చిన్న ఇళ్లు, ఒకే గోడకు అతుక్కుని. బయట నుంచి ఆరూ ఒకటే. లోపల మాత్రం ఒక్కో ఇల్లు ఒక్కో కాలం: 1805, 1855, 1895, 1925, 1955, 1985. గది కొలత మారదు, పొయ్యి మారుతుంది, దీపం మారుతుంది, గోడ కాగితం మారుతుంది. ఆఖరి ఇంట్లోకి వెళితే టీవీ. పెరళ్లు కూడా ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలానివే. 1805 ఇంటి నుంచి మొదలుపెట్టి వరస తప్పకుండా చూడాలి. మధ్యలోంచి దూరితే ఈ మార్పు అందదు.

రెండోది సెయింట్ టైలో గుడి. సున్నం పొరల కింద దాగిన గోడ బొమ్మలు బయటపడడంతో దాన్ని 1530 నాటి రూపానికి తెచ్చి 2007లో తెరిచారు. లోపల అడుగు పెడితే ఎరుపు, పసుపు రంగుల్లో క్రీస్తు కథలు గోడల నిండా. లేపాక్షి మండపం పైకప్పుకు బొమ్మలు వేసింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. చదువురాని భక్తుడికి బొమ్మలతో కథ చెప్పడం అక్కడా ఇక్కడా ఒకటే.

ఓక్‌డేల్ కార్మికుల భవనం, గ్వాలియా దుకాణం, దయ్యాలు రాకుండా ఎర్రరంగు పూసిన కెనిక్స్టన్ రైతు ఇల్లు, 2024లో తెరిచిన వల్కన్ హోటల్ (1915 నాటి కార్డిఫ్ బార్, లోపల బీరు నిజంగానే పోస్తారు) దారిలో తగిలితే చాలు. ఆవరణలోనే ఉన్న సెయింట్ ఫాగన్స్ కోట వైపు వెళ్లాలంటే ఏటవాలు దిగి మళ్లీ ఎక్కాలి. చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉంటే ఆ భాగం ఆఖరుకు పెట్టుకోండి, లేదా మానేయండి.

డెర్వెన్ బేకరీలో రొట్టె వాసనకు వరస కడతారు. ఒక జాగ్రత్త: పెనం మీద కాల్చే వెల్ష్ కేకుల్లో గుడ్డు ఉంటుంది, పాత పద్ధతిలో చేస్తే పంది కొవ్వు (లార్డ్) కూడా ఉంటుంది. శాకాహారులు ఎక్కడ కొన్నా లార్డ్ వేశారా అని అడిగి కొనండి. బరా బ్రిత్ అనే ఎండుద్రాక్ష రొట్టె సాధారణంగా కొవ్వు లేకుండానే చేస్తారు, అందులోనూ గుడ్డు సంగతి అడగాలి.

పండగ రోజుల లెక్క

సెయింట్ ఫాగన్స్‌లో సెప్టెంబరులో ఆహార ఉత్సవం, డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమాలు, మార్చి 1న సెయింట్ డేవిడ్ దినం జరుగుతాయి. సరదాకు బాగుంటుంది. కానీ మొదటిసారి చూడడానికి మాత్రం ఆహార ఉత్సవం రోజు వద్దు: పార్కింగ్ నిండుతుంది, చిన్న ఇళ్ల గుమ్మాల దగ్గర తోపులాట, చూడాల్సిన గదిని జనం భుజాల మీదుగా చూడాల్సి వస్తుంది. మామూలు మంగళవారం, బుధవారం ఉదయం మేలు. జూన్, జూలైల్లో బడిపిల్లల బస్సులు రెండు చోట్లకూ వస్తాయి, మధ్యాహ్నానికి తగ్గుతాయి.

ఇక తీర్పు

పెద్దలందరూ ఆరోగ్యంగా ఉండి, పిల్లలు ఎనిమిదేళ్లు దాటితే, కారు ఉంటే, బిగ్ పిట్. రెండో ఆలోచన అక్కర్లేదు. పాత ఇళ్ల మ్యూజియాలు ఐరోపాలో చాలా దేశాల్లో ఉన్నాయి. నిజమైన గనిలో 90 మీటర్లు దిగి, అందులో బతికిన మనిషి నోట వినడం మళ్లీ దొరకదు. పైగా వానపడితే బిగ్ పిట్‌కు నష్టం లేదు, సెయింట్ ఫాగన్స్ సగం పాడైపోతుంది.

ఇంట్లో అత్తామామలు, నడిచీ నడవని పాప ఉంటే సెయింట్ ఫాగన్స్. ఇంకేమీ ఆలోచించొద్దు. ఒకరిని పైన కూర్చోబెట్టి మిగిలినవాళ్లు దిగితే ఆ సాయంత్రం ఇంట్లో వినాల్సింది వినాల్సే వస్తుంది.

కారు లేదు, గని మీద మనసు, అర పూటే ఉంది అంటే మూడో దారి ఉంది: ట్రెహవోడ్‌లో రోంద హెరిటేజ్ పార్క్. (రోంద పేరులో డ లేదు, మన ద లాగే పలకాలి.) కార్డిఫ్ నుంచి రైలు దిగి కొన్ని నిమిషాల నడక. లూయిస్ మెర్థిర్ గని 1983లో మూసేశాక అక్కడే పెట్టారు. ఇక్కడ నిజంగా లోతుకు దిగరు, దిగినట్టు అనిపించేలా చేస్తారు. కానీ చెప్పేవాళ్లు గనుల్లో పనిచేసినవాళ్లే. కిందికి దిగాలంటే భయపడేవాళ్లకు ఇదే నయం.

రెండు రోజులు దొరికితే మొదటి రోజు బిగ్ పిట్, రెండో రోజు సెయింట్ ఫాగన్స్. స్నానాల గది చూసిన కళ్లతో రీడ్-అ-కార్ 1925 ఇంటి పొయ్యి ముందు నిలబడితే ఆ తొట్టి ఎక్కడ పెట్టేవారో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండూ ఒకే రోజులో మాత్రం పెట్టుకోవద్దు. పొద్దున పది గంటల టూర్ దొరికినా బ్లైనావన్ నుంచి ఫాగన్స్‌కు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, సాయంత్రం ఐదుకు గేట్లు వేస్తారు.