కుక్కకు మైక్రోచిప్ వేయించాలా? హన్మకొండ నుంచి మా అనుభవం

చిప్ వేయిస్తే కుక్క ఎక్కడ తిరుగుతుందో ఫోన్‌లో కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. కనిపించదు. ఇది జీపీఎస్ కాదు. ఇందులో సిమ్ లేదు, బ్యాటరీ కూడా లేదు. బియ్యం గింజంత గాజు గొట్టం, అందులో 15 అంకెల నంబరు, అంతే. స్కానర్‌ను ఒంటికి దగ్గరగా పెట్టినప్పుడు, దాని నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే చిప్‌కు కరెంటు అంది నంబరు బయటపడుతుంది. మిగతా సమయమంతా అది తోలు కింద ఊరికే ఉంటుంది. అయినా సరే, కుక్కను పెంచే ప్రతి ఇంటివాళ్లూ వేయించాల్సిందే అంటాను.

మా బ్రూనో లాబ్రడార్. ఏడాది నిండకముందే హన్మకొండలో ఒక క్లినిక్‌లో వేయించాం. మత్తు అక్కర్లేదు. డాక్టరు ముందు చిప్‌ను ప్యాకెట్‌లో ఉండగానే స్కాన్ చేసి, స్టిక్కర్ మీది నంబరుతో సరిచూశారు. తర్వాత భుజాల మధ్య తోలు పైకి పట్టి సూది వేశారు. టీకా సూది కంటే ఇది లావు, చూస్తే మనకే భయమేస్తుంది. వాడు మాత్రం ఒక్కసారి కుయ్యిమని, మా ఆవిడ చేతిలో బిస్కెట్ కనపడగానే అంతా మరిచిపోయాడు. వేశాక మళ్లీ స్కాన్ చేసి, ఒక స్టిక్కర్‌ను టీకాల పుస్తకంలో అంటించారు. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది.

అసలు పని ఆ తర్వాతే ఉంది. చిప్‌లో మన పేరు ఉండదు, ఫోన్ నంబరు ఉండదు. ఆ 15 అంకెలను మన వివరాలతో కలిపి రిజిస్టర్ చేయించకపోతే చిప్ ఉన్నా లేనట్టే. 2009లో అమెరికాలో దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్ల మీద ఒక అధ్యయనం అచ్చయింది. అక్కడికి చేరిన వీధికుక్కలు, తప్పిపోయిన కుక్కలు అన్నింటినీ కలిపి చూస్తే యజమాని దగ్గరికి తిరిగి వెళ్లినవి సుమారు 22 శాతం. చిప్ ఉన్నవాటిలో 52 శాతం. చిప్ ఉండీ యజమాని దొరకని కేసుల్లో పెద్ద కారణం, రాసిచ్చిన ఫోన్ నంబరు తప్పు కావడమో, పనిచేయకపోవడమో. అందుకే నా నంబరుతో పాటు కరీంనగర్‌లో ఉండే మా బావమరిది నంబరు కూడా ఇచ్చాం.

ఒక దీపావళి రాత్రి మా గల్లీలో లక్ష్మీబాంబుల మోతకు బ్రూనో గేటు దూకి పోయాడు. వడ్డేపల్లి చెరువు కట్ట, హంటర్ రోడ్డు, భద్రకాళి గుడి దారి అంతా తిరిగాం. దొరకలేదు. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చాలా రోజులకు, తెలిసిన ఆటో డ్రైవర్ ఒకాయన కాజీపేట వైపు ఒక ఇంట్లో అచ్చం మావాడిలాంటి కుక్కను చూశానని చెప్పాడు. వెళ్లి చూస్తే మావాడే. నన్ను చూడగానే మీదికి దూకాడు.

ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎవరో వదిలేసి పోయారనుకుని తెచ్చి, స్నానం చేయించి, కొత్త బెల్టు కట్టి, వేరే పేరు పెట్టి పిల్లలతో సమానంగా చూసుకుంటున్నారు. నేను ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే ఆ ఇంటాయన, "లాబ్రడార్‌లన్నీ ఇట్లనే ఉంటయి గదా అన్నా, మీరుగాక మరొకరు వచ్చి మాది అంటే ఏం జేయాలె?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మేం కట్టిన బెల్టు ఎప్పుడో ఊడిపోయింది. మచ్చలు లేని కుక్కకు ఫొటో ఏం సాక్ష్యం చెబుతుంది?

అందరం కలిసి మా డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన స్కానర్‌ను భుజాల మధ్య ఆనించి మెల్లగా తిప్పారు. ఏమీ రాలేదు. నాకు గుండె జారిపోయింది. మెడ దగ్గర చూశారు, లేదు. ఎడమ భుజం మీదుగా కిందికి తెచ్చేసరికి బీప్ అంది. కొన్ని కుక్కల్లో చిప్ వేసిన చోటు నుంచి కొద్దిగా జరుగుతుందట, దానితో ప్రమాదమేమీ లేదని చెప్పారు. మా ఆవిడ టీకాల పుస్తకం తెరిచి, స్టిక్కర్ మీద వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతుంటే, ఆ ఇంటాయన స్కానర్ తెరను చూస్తూ తలూపుతూ వచ్చాడు. చివరి అంకె కూడా కలిసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఒక్కసారి మా పిల్లలకు చూపించి పంపిస్తనన్నా" అన్నాడు. అలాగే చేశాం. ఇప్పటికీ ఆ పిల్లలు ఆదివారాలు వచ్చి వాడితో ఆడుకుంటారు.

వెతికి పెట్టింది ఆటో అన్న. గొడవ లేకుండా ఇంటికి తెచ్చింది చిప్. చట్టం ముందు అదొక్కటే యాజమాన్య పత్రం అని నేను అనను, కొన్న బిల్లు, టీకాల పుస్తకం కూడా దాచుకోవాలి. కానీ ఒంట్లోంచి ఊడిపోని గుర్తు ఇదొక్కటే.

నాకు బాధ కలిగించింది మరొకటి. ఆ కుటుంబం మధ్యలో వాడిని టీకా కోసం ఒక క్లినిక్‌కు తీసుకెళ్లింది. అక్కడ ఎవరూ స్కాన్ చేయలేదు. చేసి ఉంటే అన్ని రోజులు మాకు ఆ టెన్షన్ ఉండేది కాదు. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది. కొత్తగా వచ్చిన ప్రతి కుక్కనూ ముందు స్కాన్ చేసే అలవాటు ఇక్కడి దవాఖానలన్నింటిలో రావాలి. ఇంగ్లండ్‌లో 2016 నుంచి కుక్కలకు చిప్ తప్పనిసరి. మన పక్కన చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కల లైసెన్సుకు చిప్‌ను తప్పనిసరి చేసింది.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో. వాళ్లకు ఒక మాట. యూరప్ దేశాలకు కుక్కను తీసుకెళ్లాలంటే ముందు చిప్, తర్వాతే యాంటీ రేబీస్ టీకా పడాలి. వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాలి. పైగా మన దేశం నుంచి వెళ్లేవాటికి రక్తపరీక్ష ఉంటుంది. టీకా వేసిన 30 రోజులకు గానీ రక్తం తీయరు, ఆ తర్వాత ఇంకో 3 నెలలు ఆగాలి. టికెట్లు కొన్నాక మొదలుపెడితే అందదు.

కొనేటప్పుడు ఐఎస్ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాల చిప్ కావాలని అడగండి. అది 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఎక్కువ స్కానర్లు దాన్ని చదువుతాయి. డబ్బు కట్టే ముందే రిజిస్ట్రేషన్ ఎవరు చేస్తారో, నంబరు మారితే ఎలా మార్చాలో తేల్చుకోండి. మెడ బెల్టుకు ఫోన్ నంబరున్న బిళ్ల మాత్రం తీయొద్దు, దారిన పోయేవాళ్ల దగ్గర స్కానర్ ఉండదు కదా. మేము ఏటా రేబీస్ టీకా రోజున స్కాన్ కూడా చేయించి, చిప్ ఎక్కడుందో పుస్తకంలో రాయించుకుంటున్నాం. ఈసారి కూడా ఎడమ భుజం దగ్గరే ఉంది.