ఇంటి చెరువులో స్మాల్‌మౌత్ బాస్: ఒహాయోలోని ఒక హేచరీ సేవపై సమీక్ష

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరం దాటి పల్లెపట్టున ఇల్లూ నేలా కొనుక్కున్నవారికి చాలాచోట్ల ఇంటి వెనక చెరువు కూడా దక్కుతుంది. అర ఎకరం నుంచి రెండెకరాల దాకా ఉండే ఈ చెరువుల్ని ఒకప్పుడు పశువుల తాగునీటికో, మంటలు ఆర్పే అవసరానికో తవ్వించారు. ఇప్పుడు వాటిలో చాలావరకు గాలం వేసుకునే సరదాకే మిగిలాయి. ఇలాంటి చెరువుల యజమానులకు చేపపిల్లల్ని అమ్మే ప్రైవేటు హేచరీలు రాష్ట్రంలో ఉన్నాయి. వాటిలో ఒకదాని దగ్గర నేను కొన్న స్మాల్‌మౌత్ బాస్ పిల్లల గురించి, వాటితో కలిపి ఆ సంస్థ అమ్మజూపే "చెరువు ప్యాకేజీ" గురించి ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెబుతాను: పిల్లలు మేలైనవి, రవాణాలో శ్రద్ధ ఉంది, కాని ప్యాకేజీ మాత్రం స్మాల్‌మౌత్ పెంచదలచినవారు కొనకూడనిది.

స్మాల్‌మౌత్ బాస్ పుట్టుకతో చెరువు చేప కాదు. గ్రేట్ లేక్స్ (ఈరీ వంటి మహా సరస్సులు), సెయింట్ లారెన్స్, ఒహాయో, టెనెసీ నదుల పరీవాహకాల్లో, రాళ్ళ మీదుగా పారే చల్లని వాగుల్లో, తేటగా ఉండే సరస్సుల్లో అది సహజంగా బతుకుతుంది. కంచు రంగు ఒళ్ళు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కళ్ళు దాని గుర్తులు. గాలానికి చిక్కాక అది చేసే పెనుగులాటకు, నీటిపైకి ఎగిరే తీరుకు ఇక్కడి గాలపుగాళ్ళు ప్రాణమిస్తారు. ప్రపంచ రికార్డు 1955లో టెనెసీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో జలాశయంలో పట్టుబడిన 11 పౌండ్ల 15 ఔన్సుల చేపది. ఒహాయో రాష్ట్ర రికార్డు 1993లో ఈరీ సరస్సులో దొరికిన 9.5 పౌండ్ల చేపది. అంతటి చేపలు ఎకరం చెరువులో తయారవుతాయని ఎవరూ ఆశించనక్కరలేదు. అయితే నీరు, తోటి చేపలు, అడుగు నేల అనుకూలిస్తే ఈ చేప చెరువులోనూ హాయిగా బతుకుతుంది, గుడ్లు కూడా పెడుతుంది.

సేవ విషయానికి వస్తే, ఆర్డరు ఫోనులోనే తీసుకుంటారు, వసంతంలోనూ శరదృతువులోనూ పిల్లల్ని ఇస్తారు. నేను శరదృతువును ఎంచుకున్నాను. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరిగి ఉంటుంది, చేపకు ప్రయాణపు బడలిక తక్కువగా ఉంటుంది కనుక కొత్తగా కొనేవారికి కూడా నా సలహా అదే. పిల్లల్ని ఆక్సిజన్ నింపిన మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఇచ్చారు, సంచికి ఎన్ని వేశారో దానిపైనే రాశారు. సంచుల్ని చెరువు నీటిపై తేలనిచ్చి, మెల్లమెల్లగా చెరువు నీరు కలిపి, లోపలి వేడి బయటి వేడితో సమానమయ్యాకే వదలాలని ముద్రించిన కాగితం కూడా ఇచ్చారు. ఈ వివరం చెప్పకుండా సంచి చేతిలో పెట్టి పంపేవారు ఉన్నారు; వేడి తేడా తట్టుకోలేక చనిపోయే పిల్లల్ని చూసి కొన్నవారు హేచరీని తిట్టుకోవడం మామూలే. నాకు వచ్చినవాటిలో రెక్కలు చిరిగినవి, పొలుసులు రాలినవి, మొప్పలు పాలిపోయినవి కనిపించలేదు.

ఒక లోపం మాత్రం దొరికింది. ఒక సంచిలో దాని దగ్గరి జాతి అయిన లార్జ్‌మౌత్ బాస్ పిల్లలు కొన్ని కలిసి వచ్చాయి. చిన్న వయసులో రెండింటినీ తేలిగ్గా వేరుగా గుర్తుపట్టవచ్చు: స్మాల్‌మౌత్ పిల్ల తోక మొదట నారింజ, మధ్యలో నల్లని పట్టీ, చివర తెలుపు అంచుతో మూడు రంగుల్లో ఉంటుంది, లార్జ్‌మౌత్ పిల్లకు ఒళ్ళు పొడవునా అడ్డంగా ఒక నల్లని చార కనిపిస్తుంది. పెద్దయ్యాక నోరు చూస్తే సరిపోతుంది, లార్జ్‌మౌత్ పై దవడ కంటి వెనక అంచును దాటిపోతుంది, స్మాల్‌మౌత్‌ది కంటి కిందనే ఆగిపోతుంది. ఫోన్ చేసి చెప్పగానే హేచరీవారు వాదించకుండా తక్కువైనవాటికి బదులు పిల్లల్ని ఇచ్చారు. ఆ మర్యాదకు వారిని మెచ్చుకోవాలి. అయినా చెరువులో వదిలేముందు ఒక తెల్లని తొట్టిలో పోసి చూసుకోవడం కొనేవారి బాధ్యతే. రెండు లార్జ్‌మౌత్‌లు చెరువులో పడితే అవి గుడ్లు పెట్టి, నాలుగైదేళ్ళలో చెరువంతటినీ తమ సొంతం చేసుకోగలవు.

ఇక ప్యాకేజీ సంగతి. కేటలాగులో ఎకరాకు ఇంత అని లెక్క కట్టి బ్లూగిల్ (సన్‌ఫిష్ జాతి చేప), లార్జ్‌మౌత్, చానెల్ క్యాట్‌ఫిష్, ఫాట్‌హెడ్ మిన్నోలు (బాస్‌కు మేతయ్యే చిన్న చేపలు) కలిపి ఒక ధరకు ఇస్తారు. దానికి "స్మాల్‌మౌత్ జోడింపు" అని కొంత అదనపు రుసుముతో మరో వరుస ఉంది. మన గోదావరి జిల్లాల చెరువుల్లో బొచ్చె, శీలావతి, మోసు కలిపి వేసినట్టే ఇదీ అని కొందరు అనుకోవచ్చు. అక్కడ ఒకటి పైనీటిలో, మరొకటి మధ్యన, ఇంకొకటి అడుగున మేస్తుంది కనుక ఆ కూర్పు చక్కగా కుదురుతుంది. ఇక్కడ కుదరదు. లార్జ్‌మౌత్ నోరు పెద్దది, దూకుడు ఎక్కువ, కలుపు మొక్కలు నిండిన గోరువెచ్చని నిలవ నీటిలో అది రాజు; అదే మేత కోసం పోటీపడి స్మాల్‌మౌత్‌ను వెనక్కి నెడుతుంది, దాని పిల్లల్ని మింగుతుంది. బ్లూగిల్ వేరే రకంగా దెబ్బ తీస్తుంది. అది ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెట్టి విపరీతంగా పెరుగుతుంది. దాని ఒళ్ళు పళ్ళెంలా వెడల్పుగా ఉండటం వల్ల స్మాల్‌మౌత్ దాన్ని మింగి అదుపు చేయలేదు. సరిగ్గా అదే బ్లూగిల్ మందలుగా చేరి స్మాల్‌మౌత్ గూళ్ళపై పడి గుడ్లనూ అప్పుడే పుట్టిన పిల్లల్నీ తినేస్తుంది. ఈ రెండూ ఉన్న చెరువులో మీరు డబ్బు పెట్టి కొన్న స్మాల్‌మౌత్‌లు కొన్నేళ్ళు బతుకుతాయి, ముసలివవుతాయి, వాటి వెనక మరో తరం రాదు. మళ్ళీ కొనాల్సి వస్తుంది. హేచరీ ఉద్దేశం ఇదేనని నేను అనడం లేదు, కాని ఈ కూర్పు వల్ల లాభపడేది మాత్రం అమ్మేవారే.

అయితే ఏం వేయాలి? పాత చేపలు లేని చెరువులో ముందుగా, వసంతంలోనే, ఫాట్‌హెడ్ మిన్నోలు వేయాలి. అవి నీటిలో వేసిన చెక్కల అడుగువైపున గుడ్లు అంటించి, వేసవి పొడుగునా పిల్లల్ని పెడుతూ బాస్ వచ్చేనాటికి మేతను సిద్ధం చేస్తాయి. వాటితో గోల్డెన్ షైనర్లు అనే మేతచేపలు, కొద్దిగా క్రేఫిష్‌లు (రొయ్యలాంటి మంచినీటి జీవులు) కలిపితే ఇంకా మంచిది. రాళ్ళ సందుల్లో క్రేఫిష్‌ను వెతికి తినడం స్మాల్‌మౌత్‌కు అన్నిటికంటే ఇష్టం. సన్‌ఫిష్ జాతి తప్పక కావాలనుకుంటే బ్లూగిల్ బదులు రెడ్‌ఇయర్ తీసుకోవాలి. అది నత్తల్ని తింటుంది, పిల్లల్ని తక్కువగా పెడుతుంది. ఎల్లో పెర్చ్ కూడా సరిపడే తోడే. ఈరీ సరస్సు ఒడ్డున ఇష్టంగా వేయించుకు తినే చేప అదే కనుక వంటింటి అవసరం కూడా తీరుతుంది. బాస్ పిల్లలు ఎకరాకు వంద మించకుండా వేస్తే చాలు. నేను తీసుకున్న హేచరీలో పైన చెప్పినవన్నీ విడివిడిగా దొరుకుతాయి, ప్యాకేజీ ధరకూ వీటి మొత్తానికీ పెద్ద తేడా ఉండదు. మరి ఈ కూర్పును కేటలాగులో ఒక వరుసగా ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు.

నీటి విషయంలో హేచరీ సిబ్బంది ఇచ్చిన సమాచారం బాగుంది. ఒహాయో వేసవిలో చెరువు పైనీరు బాగా వేడెక్కి, అడుగున చల్లని నీరు వేరే పొరగా నిలిచిపోతుంది, ఆ పొరలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చల్లదనం కోరే స్మాల్‌మౌత్ పైన ఉక్కపోతకూ కింద ఊపిరాడనితనానికీ మధ్య ఇరుక్కుంటుంది. అందుకే చెరువు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ పెట్టించుకోమని చెప్పారు, తామే అమ్ముతున్నా దాన్ని కొనమని ఒత్తిడి చేయలేదు. ఆ యంత్రాన్ని వసంతంలోనే మొదలుపెట్టాలని, నడివేసవిలో ఒక్కసారిగా వేస్తే అడుగునున్న చెడ్డ నీరు పైకి లేచి చేపలన్నీ చనిపోవచ్చని వారు హెచ్చరించడం నాకు నచ్చింది. మన ఏలూరు, కైకలూరు ప్రాంతాల రైతులకు ఇలా నీటికి గాలి అందించే ఏరేటర్ కొత్త కాదు గాని, ఇక్కడి శీతాకాలం మాత్రం కొత్తే: మంచుగడ్డ కట్టిన చెరువుపై హిమం పేరుకుంటే వెలుతురు అందక నీటిమొక్కలు ఆక్సిజన్ తయారుచేయడం ఆపేస్తాయి, లోతులేని చెరువుల్లో చేపలు ఊపిరాడక చనిపోతాయి.

వారు చెప్పనిది ఒకటుంది, అది చిన్నది కాదు. వసంతంలో నీరు 15 డిగ్రీల సెల్సియస్ దాటే వేళకు మగ స్మాల్‌మౌత్ గులకరాళ్ళ నేల చూసుకుని తోకతో ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతే అవి పొదిగి పిల్లలు ఈదేదాకా మగదే కాపలా కాస్తుంది. కొరమీను తన పిల్లల గుంపును కాయడం చూసినవారికి ఇది వింతగా అనిపించదు. కాని ఇక్కడి చెరువుల్లో చాలావాటి అడుగు మెత్తటి బంకమట్టి. అందులో గూడు నిలవదు, గుడ్లపై బురద పేరుకుంటుంది. రెండు మూడు అడుగుల లోతున, గాలి తాకిడి తక్కువగా ఉన్న ఒడ్డున, కొన్ని ట్రక్కుల గులకరాళ్ళు పోయించుకుంటే ఈ లోపం తీరుతుంది. పిల్లల ఖరీదు కంటే రాళ్ళ ఖర్చే ఎక్కువ కావచ్చు. ఆ సంగతి కొనేముందే చెప్పడం అమ్మేవారి ధర్మం.

ధర లార్జ్‌మౌత్ కంటే ఎక్కువ. స్మాల్‌మౌత్‌ను పెంచే హేచరీలు తక్కువ కావడం, వాటిని ఎండుమేతకు అలవాటు చేయడం శ్రమ కావడం దానికి కారణాలు. ఎండుమేత అలవాటైన పిల్లలు ఇంకా ఖరీదు; చెరువులో మిన్నోలు నిలదొక్కుకుని ఉంటే ఆ అదనపు ఖర్చు అక్కరలేదు. సాధారణంగా ఈ చేప 12 అంగుళాలకు చేరడానికి నాలుగేళ్ళ దాకా పడుతుంది కనుక ఓపిక లేనివారు లార్జ్‌మౌత్‌తో తృప్తిపడటమే మేలు.

ఇంత ఖర్చెందుకు, ఈరీ సరస్సులో పట్టి తెచ్చి వదిలితే పోదా అని నన్ను అడిగినవారు ఉన్నారు. ఆ పని చేయకూడదు. చేపల లోపలి అవయవాల్లో రక్తస్రావం కలిగించే వీహెచ్ఎస్ అనే వైరస్ వ్యాధి 2005లో గ్రేట్ లేక్స్‌లో బయటపడి, 2006లో ఈరీ సరస్సులో చేపల్ని పెద్ద ఎత్తున చంపింది. ఆ నీటి చేప ఒక్కటి చాలు మీ చెరువును పాడుచేయడానికి. నేను పిల్లల్ని కొన్న హేచరీ ఆరోగ్య ధ్రువపత్రం అడగకుండానే చూపించింది. ఇదే మాట మన ఊళ్ళలోని చెరువుల రైతులకూ వర్తిస్తుంది: ఈ చేప సీడు ఆంధ్రకు తెప్పించవచ్చా అని అడిగేవారికి వద్దనే చెబుతాను. మన వేసవి నీటిని అది తట్టుకోవడం కష్టం. చల్లని వాగుల్లో తట్టుకుంటే ఇంకా చేటు. దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు వాగుల్లో అది స్థానిక చేపల్ని తుడిచిపెడుతుంటే, 2012లో రాండెగాట్ నదిలో విషం కలిపి మరీ దాన్ని తొలగించాల్సి వచ్చింది.

కొనదలచినవారు వేసవి మధ్యలోనే ఆర్డరు పెట్టుకోవాలి, ఎందుకంటే స్మాల్‌మౌత్ పిల్లలు ఏటా ముందుగా అయిపోతాయి. ఎన్నిటికి డబ్బు కట్టారో, ఏ సైజో, ప్యాకేజీ కాకుండా విడిగానే కావాలన్న మాటో కాగితం మీద రాయించుకోవాలి. పిల్లలు బతికి చేరతాయన్న హామీ సంచి మీ చేతికి వచ్చేదాకానే. చెరువులో పడ్డాక చనిపోతే హేచరీ బదులివ్వదు.